బస్సు టాపు లేచింది!

బస్సు టాపు మీద పాటలు తీయడం మన సినిమావాళ్ళకు కొత్త కాదు. హీరో ఒక్క గంతులో టాపెక్కేస్తాడు. హీరోయిన్ వెనకాల నిచ్చెన మీదుగా ఒద్దికగా ఎక్కుతుంది. ఆ వెనకాల ఇరవైమంది గుంపు నృత్యం వాళ్ళు ఎట్లా ఎక్కుతారో ఆ దర్శకుడికే తెలియాలి! ఇవన్నీ చూసి ఈలలు వేసినవాళ్ళమే మనం. కానీ మనిషి టాపెక్కడం కాకుండా, మనిషి కోసం టాపే పైకి లేవడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. 2022 అక్టోబరులో, అమెరికాలోని నార్త్ కరొలైనాలో, ఓ పాత పొగాకు బ్యారన్ పక్కన. 22 చోట్ల కోసి, ఓ స్కూలు బస్సు నెత్తిని 20 అంగుళాలు పైకి లేపారు. 160 తిప్పులు పట్టింది. ఆ తిప్పుల కథ తర్వాత చెబుతాను. ముందు ఊరు చూద్దాం రండి.

మా అక్కయ్య కొడుకు ఆ రాష్ట్రంలో కేరీ అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడ మనవాళ్ళ సందడి బాగానే ఉంది. వెంకటేశ్వరస్వామి గుడి 2009లో తెరిచారు. నేనున్న ఆ అక్టోబరులోనే 87 అడుగుల కొత్త గోపురానికి ప్రారంభోత్సవం జరిగింది, రాష్ట్ర గవర్నరు స్వయంగా వచ్చాడు. గుడి వదిలి పడమటికి ఓ ముప్పావు గంట కారులో పోతే చాలు, అంతా పల్లెటూరు. ఎర్రమట్టి. పొలాల మధ్య అక్కడక్కడ పొడుగ్గా నిలబడ్డ పాత పొగాకు బ్యారన్లు. నాది ఒంగోలు పక్క. చిన్నప్పుడు బ్యారన్ పొయ్యి దగ్గర రాత్రుళ్ళు కాపలా కూర్చున్నవాణ్ణి. పదివేల మైళ్ళు పోయి మళ్ళీ అదే ఎర్రమట్టిలో అదే బ్యారన్ చూస్తే ఎలా ఉంటుంది చెప్పండి! అక్కడికి దగ్గర్లోని డర్హమ్ పట్నం ఒకప్పుడు సిగరెట్ల ఊరు. ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్ళకు 1988 నాటి కెవిన్ కాస్ట్నర్ బేస్‌బాల్ చిత్రం ‘బుల్ డర్హమ్’ గుర్తుండే ఉంటుంది. ఆ డర్హమే ఇది.

“మామయ్యా, శనివారం నీకో షూటింగు చూపిస్తాను, రా” అన్నాడు మావాడు. తీరా వెళితే కెమెరా లేదు, హీరో లేడు. పసుపుపచ్చ స్కూలు బస్సు ఒకటి కిటికీలు ఊడబీకించుకుని నిలబడి ఉంది.

ఈ బస్సు గలావిడ 22 ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయింది. మావాడి కూతుర్ని మూడేళ్ళు బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది ఈవిడే. భర్త వెల్డింగు పనివాడు. మనిషి 6 అడుగుల 3 అంగుళాలు. నడుముకు ఆపరేషనయింది, వంగకూడదు. పిల్లలు తలో రాష్ట్రంలో స్థిరపడ్డారు. ఇల్లమ్మేసి, ఓ పాత బస్సును ఇల్లుగా మార్చుకుని దేశం తిరగాలని ఇద్దరి ఆశ. ఇంటి బేరం అప్పటికే కుదిరిపోయింది. నవంబరాఖరుకు తాళాలు అప్పగించాలి. అంటే బస్సు ఇల్లు కాకపోతే ఆ ఇద్దరికీ ఇల్లే లేదన్నమాట!

ఇట్లా ఇళ్ళయిన స్కూలు బస్సుల్ని అక్కడ ‘స్కూలీ’లని ముద్దుగా పిలుస్తారు. వీటికి పెద్ద పూర్వగాథే ఉంది. 1964లో కెన్ కీసీ అనే రచయిత తన మిత్రబృందాన్ని 1939 నాటి స్కూలు బస్సులో ఎక్కించుకుని, ఒంటినిండా రంగులు పూసి, కాలిఫోర్నియా నుంచి న్యూయార్కు దాకా తీసుకుపోయాడు. ఆ బస్సు టాపుకు కన్నం కోసి, అందులో బట్టలుతికే మిషను డ్రమ్ము బిగించి, అందులోంచి తలలు బయటపెట్టి ఊళ్ళు చూశారట! టాపు కోయడమనే సరదా అప్పటినుంచే ఉందన్నమాట. ‘కెప్టెన్ ఫెంటాస్టిక్’ (2016) చూశారా? అందులో విగ్గో మార్టెన్‌సన్ ఆరుగురు పిల్లల్ని వేసుకుని తిరిగే బస్సు స్కూలీయే. దానికో పేరు కూడా - స్టీవ్! షాన్ పెన్ తీసిన ‘ఇన్ టు ది వైల్డ్’ (2007)లో అలాస్కా అడవిలోని బస్సు కథ మరీ విచిత్రం. అసలు బస్సును చూడబోయి జనం ప్రమాదాల్లో పడుతున్నారని 2020 జూన్‌లో ప్రభుత్వం దాన్ని హెలికాప్టరుతో ఎత్తి తరలించింది. గొలుసులు వేయడానికి ఆ బస్సు టాపుకూ కన్నాలు కోశారు. టాపుకు కత్తెర పడకుండా ఏ బస్సూ చరిత్రకెక్కదేమో!

మన సినిమా కారవాన్ల సంగతి వేరు లెండి. ఒకప్పుడు ఔట్‌డోర్‌లో ఎంత పెద్ద తారయినా చెట్టు కిందో, గొడుగు కిందో కూర్చోవలసిందే. చీర మార్చుకోవాలంటే ఊళ్ళో ఎవరింటి తలుపో తట్టవలసిందే. వ్యానిటీ వ్యాన్లు మన దేశానికి తెచ్చిన ఘనత హిందీ నటి పూనమ్ ధిల్లాన్‌కు ఇస్తారు. ఆ బళ్ళు కట్టేవాళ్ళు ఛాసిస్ మీద ఎత్తు ముందే అనుకుని బాడీ మొదలుపెట్టగలరు. విజయవాడ ఆటోనగర్‌లో బస్సులు కట్టడం చూసినవాళ్ళకు ఇది తెలుసు. కింద చట్రం, నాలుగు చక్రాలు, స్టీరింగు, అంతే. మిగతాదంతా కంటిముందే లేస్తుంది. స్కూలీ అట్లా కాదు. టాపు ముందే ఉంది. అదీ ఎలాంటి టాపు? పిల్లల కోసం కట్టిన టాపు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, విసుక్కోకండి. ఈ బస్సు లోపలి ఎత్తు నడిమధ్యలో 6 అడుగులు. టాపు వంపు తిరిగి ఉంటుంది గనక పక్కలకు జరిగేకొద్దీ ఇంకా తక్కువ. బడిపిల్లలకు చాలు. ఇల్లు చేయాలంటే కింద చలికి అట్ట, దానిపైన ప్లైవుడ్డు, పైన సీలింగులో మళ్ళీ అట్ట, చెక్క. నాలుగంగుళాలు వీటికే పోతాయి. మిగిలేది 5 అడుగుల 8 అంగుళాలు. ఆరడుగుల మూడంగుళాల మనిషి, వంగకూడని మనిషి, అందులో ఎట్లా కాపురం చేస్తాడు? పొయ్యి ముందు కూర్చుని, స్నానానికి మోకాళ్ళ మీద నిలబడి... నాలుగు రోజులయితే సరదా. జన్మంతానా?

“అయితే ఏ మూడడుగులో లేపెయ్యండి, హాయిగా మేడ వేసుకోవచ్చు!” అన్నాను. ఆవిడ నవ్వి, “మీరు డర్హమ్‌లో ఆ వంతెన చూడలేదా?” అంది.

మర్నాడు చూశాను. పాఠకులారా, ఇలాంటి విలన్ ఏ సినిమాలోనూ లేడు! గ్రెగ్సన్ వీధికి అడ్డంగా రైలు వంతెన. దాని కింద ఎత్తు ఒకప్పుడు 11 అడుగుల 8 అంగుళాలు. దాని పేరే ‘లెవెనడుగులెనిమిది’ అన్నట్టుగా పడిపోయింది. ఎత్తు చూసుకోకుండా వచ్చిన లారీలు, అద్దె వ్యాన్లు, మోటారు ఇళ్ళు దాని కింద దూరబోయి టాపులు ఒలిపించుకునేవి. ఒలిపించుకోవడమంటే అక్షరాలా అదే, సార్డీను డబ్బా మూతలాగా రేకు చుట్టుకుపోయేది. పక్క భవనంలో పనిచేసే ఒకాయన 2008లో కెమెరా పెట్టి వందకు పైగా గుద్దుళ్ళు చిత్రీకరించి ఇంటర్నెట్‌లో పెడితే ప్రపంచమంతా చూసింది. రోడ్డు తవ్వి కిందికి దింపుదామంటే, నాలుగడుగుల లోతున పెద్ద మురుగునీటి గొట్టం. 2016లో ఎత్తు బళ్ళను కనిపెట్టే దీపం పెట్టి ఆపారు. అయినా గుద్దారు! చివరికి 2019లో రైలుపట్టాల్నే లేపి వంతెన ఎత్తు 12 అడుగుల 4 అంగుళాలు చేశారు. ఆ తర్వాత కూడా గుద్దుతున్నారు. నేను అరగంట నిలబడ్డాను, ఏదీ తగల్లేదు. మనలో మాట, కాస్త నిరాశే!

లారీల కోసం ఆ పక్క రాష్ట్రాల్లో చాలాచోట్ల 13 అడుగుల 6 అంగుళాల దాకా అనుమతి ఉంది. చట్టంతో పేచీ లేదు. పేచీ పాత వంతెనలతో, చెట్ల కొమ్మలతో, గాలితో. ఎత్తు పెరిగేకొద్దీ బండి మలుపుల్లో ఒరుగుతుంది. ఇన్ని లెక్కలేసి మొగుడూ పెళ్ళాలు 20 అంగుళాల దగ్గర రాజీ పడ్డారు. బస్సు బయటి ఎత్తు 10 అడుగుల 2 అంగుళాలు. దానికి 20 కలిపితే 11 అడుగుల 10 అంగుళాలు. ఏసీ మిషను టాపు మీద పెడితే ఇంకో అడుగు పైమాటే గనక దాన్ని వెనక బంపరు మీదికి దింపేశారు.

సరే, ఇంతవరకూ అంకెలు. ఆవిడ మనసులో ఉన్న బాధ అంకెల్లో లేదు. ఆ సంగతి మొదటి కాఫీ అప్పుడే తెలిసింది.

స్కూలు బస్సు లోపలి రేకులు ఊడదీస్తే మన పక్కటెముకల్లాంటి ఉక్కు కమాన్లు కనిపిస్తాయి. ఈ బస్సులో ఒక్కో కమాను ఈ పక్క నేల దగ్గర మొదలై, కిటికీల మధ్యగా లేచి, టాపు మీదుగా వంగి, ఆ పక్క నేల దాకా అతుకు లేకుండా ఒకే ముక్క. బస్సు పల్టీ కొట్టినా పిల్లల నెత్తిన టాపు కుంగిపోకూడదని. అమెరికా ప్రభుత్వం 1977 నుంచి దీనికో నిబంధన పెట్టింది. బస్సు బరువుకు ఒకటిన్నర రెట్లు టాపు మీద మోపితే అది ఐదంగుళాల పైచిలుకు కంటే కుంగకూడదు. అట్లాంటి కమాన్లను ఇప్పుడు సరిగ్గా నడుముకు కోయాలి.

“ఇరవై రెండేళ్ళు ఈ ఎముకల్ని నమ్ముకునే నిద్రపోయాను నేను. వానలో, మంచులో, వెనకాల అరవైమంది పిల్లలతో...” అంది ఆవిడ, ఓ కమాను మీద చెయ్యేసి. భర్త ఏమీ అనలేదు. షెడ్డులోంచి ఓ ముక్క తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పాత బస్సు తుక్కులోంచి తెచ్చిన కమాను. దాన్ని రెండుగా కోసి, మధ్యలో కొత్త ఉక్కు ముక్క పెట్టి, ఆ ముక్క రెండు కొసలూ పాత కమాను లోపలికి నాలుగేసి అంగుళాలు చొచ్చుకుపోయేలా దూర్చి, చుట్టూ వెల్డింగు చేశాడు. దాన్ని బిగించి, జాకీ పెట్టి నెట్టాడు. నెట్టగా నెట్టగా వంగింది. ఎక్కడ? పాత ఉక్కు వంగింది. అతుకు అతుకులాగే ఉంది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసి, “ఇట్లాంటివి ఇరవై రెండూ నేను చూసి సరేనంటేనే పైన రేకు కొట్టాలి” అంది. ఆ షరతు మీద పని మొదలయింది.

అన్నట్టు, ఈ బస్సు పుట్టిల్లు దూరమేం కాదు. పడమటికి ఇంకో గంట పోతే హై పాయింట్ అనే ఊరు. థామస్ బిల్ట్ అనే బస్సుల కంపెనీది అదే ఊరు. 1916లో ట్రాము బండ్లు కడుతూ మొదలయింది. న్యూ ఆర్లియన్స్‌లో సెయింట్ చార్లెస్ వీధి వెంట ఈనాటికీ తిరుగుతున్న ఆకుపచ్చ ట్రాములు ఈ కంపెనీ 1920ల్లో కట్టినవే. మార్లన్ బ్రాండో, వివియన్ లీ నటించిన ‘ఏ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ (1951) ఆ ఊరి ట్రాము పేరుతో వచ్చిన కథే కదా! పసుపు రంగుకూ ఓ పుట్టినరోజు ఉంది. 1939లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సమావేశం పెట్టి, తెల్లవారు చీకట్లో కూడా కంటబడే రంగని దీన్ని ఎంచారు. స్కూలు సర్వీసు వదిలాక చాలా రాష్ట్రాల్లో ఆ రంగు ఉంచకూడదు, ‘స్కూల్ బస్’ అన్న అక్షరాలూ ఉంచకూడదు. అది తర్వాతి పని.

శనివారం ఉదయం ఎనిమిది. గాలి లేదు. గాలి లేని రోజు కోసమే రెండు వారాలు ఆగారట. కోసిన టాపంటే తెరచాపే మరి! బ్యాటరీ తీగలు విప్పేశారు. టాపు మీది ఎర్ర దీపాల తీగలు ముందే కత్తిరించారు. సీట్లు, కిటికీలు, గ్లాస్‌వూలు ఏవీ లేవు. నిప్పురవ్వల కోసం నీళ్ళ బకెట్లు, మంటలార్పే సిలిండరు. నాలుగు మూలలా ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారేలా నిలబెట్టి, ఒక్కోదానికి అంగుళం మందం మర కడ్డీ, నట్టు పెట్టాడు భర్త. పానాతో నట్టు తిప్పితే టాపు లేవాలి. కడ్డీకి అంగుళానికి ఎనిమిది మరలు. అంటే 8 తిప్పులకు ఒక అంగుళం. 20 అంగుళాలకు 160. చెప్పానుగా!

ముందు డ్రైవరు సీటు వెనకాల టాపు రేకు అడ్డంగా కోశారు. తర్వాత వెనక కొస. ఆ తర్వాత కమాన్లు, ఒక్కొక్కటే. గ్రైండరు మోత, రవ్వల జల్లు. పక్కకు 11, ఆ పక్కకు 11. ప్రతి కమానుకూ కోతకు పైనా కిందా ఒకే అంకె సుద్దతో రాసుకున్నారు, ఎవరి తల వాళ్ళకే చేరాలిగా! చివరి కమాను తెగేటప్పటికి పదకొండయింది. ఏమీ జరగలేదు. టాపు కదల్లేదు, చప్పుడు లేదు. గొట్టాల మీద అట్లాగే కూర్చుని ఉంది.

నాలుగు మూలలా నలుగురు. ఓ మూల మావాడు. ఆవిడ మధ్యలో నిలబడి, “ఒకటి” అంటే నలుగురూ ఒక తిప్పు. “రెండు.” “మూడు.” నాలుగో తిప్పుకు “ఆపండి!” అని ఒక్క కేక! మాకెవరికీ ఏమీ వినిపించలేదు. “ముందు కుడివైపు ఏదో పట్టుకుంది. ఈ బస్సులు మూలిగితే నాకు తెలుస్తుంది” అంది. వెళ్ళి చూస్తే నిజమే. దీపాల పెట్టె వెనక బెత్తెడు రేకు ముక్క తెగకుండా ఉండిపోయింది. ఇంకో పది తిప్పులు తిప్పి ఉంటే టాపు మెలితిరిగేది. దాన్ని కోసి మళ్ళీ మొదలు. అంగుళానికోసారి రసమట్టం పెట్టి చూడటం, తేడా ఉంటే ఆ మూల అర తిప్పు.

తొమ్మిదో అంగుళం దగ్గర చెట్ల ఆకులు కదిలాయి. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంటర్వెల్! లారీ పట్టీలు టాపు మీదుగా వేసి నాలుగు పక్కలా బిగించి, బ్యారన్ నీడలో కూర్చుని మొక్కజొన్న రొట్టె తిన్నాం. మావాడి భార్య పంపిన పులిహోర డబ్బా అయిదు నిమిషాల్లో ఖాళీ. రెండింటికి గాలి పడిపోయింది.

నూట అరవయ్యో తిప్పు సాయంత్రం నాలుగింటికి. నేను లోపలికెక్కాను. బస్సు చుట్టూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా, 20 అంగుళాల వెలుగు! అందులోంచి శరత్కాలపు చెట్లు, ఎరుపూ పసుపూ. ‘అల్లూరి సీతారామరాజు’ (1974) వచ్చినప్పుడు మొట్టమొదటి తెలుగు సినిమాస్కోప్ తెర ఎంత వెడల్పుగా కనిపించిందో చూసినవాళ్ళకు గుర్తుంటుంది. ఇది దానికి తాతలాంటి తెర! భర్త నడవ మధ్యకు వచ్చాడు. తల వంచుకునే వచ్చాడు, అలవాటు. తర్వాత మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. టోపీకి పైన ఇంకా అడుగున్నర చోటుంది. ఏదో అంటాడని చూశాను. ఏమీ అనలేదు, అట్లా నిలబడ్డాడంతే. ఆవిడ మాత్రం అతని వైపు చూడటం లేదు. తెగిన కమాన్ల కొసలు ఒక్కొక్కటే వేలితో తడుముకుంటూ పోతోంది.

ఆ రాత్రే ఆరు అతుకులు వేశారు, టాపు గొట్టాల మీద ఉండగా నిద్రపోలేమని. మరుసటి శనివారం మేం వెళ్ళేసరికి 22 అతుకులూ పూర్తి. ఒక్కోదాని మీద సుద్దతో ఆవిడ పెట్టిన టిక్కు. రెండు మాత్రం టిక్కుకు బదులు గుండుసున్నా. వాటిని కోసి మళ్ళీ వేయించింది. కమాన్లను కలుపుతూ పొడుగునా ఉక్కు బద్దీలు, మూలల్లో ఏటవాలు బద్దీలు. వెల్డింగు పడ్డ చోటల్లా తుప్పుకు ప్రైమరు. ఇక పైన 18 గేజి రేకు, రివిట్లు. బయటినుంచి ఒకరు గాలి సుత్తితో కొడుతుంటే లోపల ఒకరు ఇనుపదిమ్మ అదిమి పట్టుకోవాలి. ఆ దిమ్మ పట్టుకునే వేషం నాకిచ్చారు. డైలాగుల్లేని వేషమే గానీ, రెండ్రోజులపాటు చెవుల్లో ఆటోనగర్ మోగింది!

ఇల్లు అప్పగించే నాటికి రేకు పూర్తయింది, లోపల మంచం ఒక్కటే పడింది. బస్సు పొయ్యి లేకుండానే కాపురం మొదలెట్టారని మావాడు ఫోనులో చెప్పాడు. వేసవికి ఫోటోలు పంపాడు. బస్సుకు తెల్లరంగు, కింద ఆకుపచ్చ చార. టాపు మీద కరెంటు పలకలు, గాలి పంకా మూత. నాకు నచ్చిన ఫోటో స్టీరింగు పక్కది. అక్కడ ఆవిడ తన చేత్తో బస్సు ఎత్తు రాసి అంటించింది. పంకా మూతతో కలిపి కొలిస్తే 12 అడుగుల 2 అంగుళాలట. ఆవిడ రాసింది మాత్రం 12 అడుగుల 6 అంగుళాలు. ఆ లెక్కన డర్హమ్ వంతెన కింద ఆ బస్సు పట్టదు. “రెండంగుళాల సందుంది కదా, పోవచ్చుగా?” అని మావాడు అడిగితే, టైర్లలో గాలి ఎక్కువ కొట్టిన రోజు నువ్వు నడుపుతావా అందట.